ఐర్లండు పెళ్లిముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఐర్లండు జానపద విశ్వాసాల గురించి ఈ శీర్షికలో ఇంతకు ముందు రాసినప్పుడు పెళ్లి ఆచారాల ప్రస్తావన ఒక్క పేరాతోనే ముగిసింది. తీరా చూస్తే ఎక్కువ ఉత్తరాలు ఆ పేరా మీదే వచ్చాయి. వాటిలో ఒకే సంగతిని అడిగినవాటిని కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ప్రాచీన కెల్టు ప్రజలు వధూవరుల చేతులను తాడుతో ముడివేసి పెళ్లి చేసేవారనీ, ఆ పెళ్లి ఏడాది మీద ఒక రోజు వరకే చెల్లేదనీ, ఆపైన ఇష్టం లేకపోతే విడిపోవచ్చనీ చదివాను. ఇది నిజమేనా?

జవాబు: మీరు చదివినదానిలో వేర్వేరు కాలాల సంగతులు ఒకే ముడిలో పడ్డాయి కాబట్టి ముందు వాటిని విడదీయాలి. రంగుల తాడుతో చేతులు కట్టే తంతు నేటి ఐర్లండు పెళ్లిళ్లలో కనబడుతున్న మాట నిజమే గాని, దానికి అంత ప్రచారం తెచ్చినవి ఇరవయ్యో శతాబ్దంలో ఏర్పడిన నవీన ప్రకృతి ఆరాధక బృందాలు. అది పల్లె ఆచారంగా తరతరాల నుంచి దిగివచ్చినది కాదు.

ఏడాది మీద ఒక రోజు అన్న ముక్క మాత్రం ఐర్లండుదే. మీథ్ కౌంటీలోని టెల్‌టౌన్‌లో పూర్వం ఏటా ఆగస్టు ఆరంభంలో, లూనసా పండుగకు, పెద్ద సభ కూడేది. సంతలు, గుర్రప్పందేలు, రాజుల ఆధిపత్య ప్రదర్శన అన్నీ అక్కడే. 1168లో రోరీ ఓకానర్ రాజు జరిపిన సభ తరువాత ఆ వైభవం మళ్లీ రాలేదు. ఆ తరువాత దాదాపు ఏడు వందల ఏళ్లకు, 1836లో, ప్రభుత్వ సర్వే పని మీద ఊళ్ల పేర్లూ వాటి కథలూ సేకరిస్తూ వచ్చిన జాన్ ఒడోనవన్ అనే పండితుడికి స్థానికులు ఒక కథ చెప్పారు. పెళ్లికాని అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు మరో వైపు నిలబడేవారట. మధ్యనున్న తలుపుకు ఒక కంత ఉండేదట. దానిలోంచి అమ్మాయి చేయి చాపితే, ముఖం చూడకుండా ఆ చేతిని చూసే అబ్బాయి ఆమెను ఎంచుకునేవాడట. ఏడాది మీద ఒక రోజు కాపురం చేశాక పొసగకపోతే ఇద్దరూ 'నల్లకోట' అనే మట్టిదిబ్బ మీదికి వెళ్లి, వీపుకు వీపు ఆనించి నిలబడి, ఒకరు ఉత్తరానికీ మరొకరు దక్షిణానికీ నడిచి వెళ్లిపోతే ఆ బంధం తెగిపోయినట్లే. చక్కని కథే గాని, ఆ కాలపు మీథ్ ప్రజల నోట 'టెల్‌టౌన్ పెళ్లి' అంటే చర్చి ఆమోదం లేని కాపురమని ఎత్తిపొడుపు కూడా. కాబట్టి దీనిని ప్రాచీన చట్టంగా కాక, ప్రాచీన సభాస్థలం చుట్టూ అల్లుకున్న జ్ఞాపకంగా చదవడమే మేలు.

అసలు చట్టం వేరే ఉంది, నన్నడిగితే కథ కంటే అదే ఆసక్తికరం. సుమారు క్రీ.శ. 700 నాటి 'కాన్ లానవ్న' అనే గ్రంథం, అంటే జంటల చట్టం, స్త్రీపురుష సంబంధాలను ప్రధానంగా ఆస్తి ఎవరు తెచ్చారన్నదాన్ని బట్టి వర్గీకరిస్తుంది: ఇద్దరూ సమానంగా తెచ్చిన పెళ్లి, భర్త ఆస్తి మీద నడిచే పెళ్లి, భార్య ఆస్తి మీద నడిచే పెళ్లి, ఆ తరువాత అంతకంతకూ తక్కువ స్థాయి సంబంధాలు. విడిపోయేటప్పుడు ఎవరి వాటా ఎంతో లెక్కగట్టడంలో ఆ గ్రంథం చూపే ఓపిక ఆశ్చర్యం కలిగిస్తుంది. గొర్రె ఉన్ని కత్తిరించినది కత్తిరించినట్లే ఉంటే భార్యకు ఆరో వంతు, దువ్వి సిద్ధం చేసి ఉంటే మూడో వంతు, బట్టగా నేసి ఉంటే సగం. ఆమె శ్రమ ఎంత పడితే వాటా అంత పెరిగిందన్నమాట. పడకగది ముచ్చట్లు బయట చెప్పిన భర్తనూ, మచ్చ పడేలా కొట్టిన భర్తనూ, తన మీద ఎగతాళి పద్యాలు కట్టిన భర్తనూ భార్య వదిలి వెళ్లవచ్చని ఆనాటి చట్టాలు చెప్పాయి. అలాగని అది స్త్రీలకు స్వర్గమేమీ కాదు. మగవాడు రెండో భార్యను తెచ్చుకోవడానికీ చట్టంలో చోటుంది, అలా వచ్చిన సవతిని మొదటి మూడు రోజుల్లో పెద్ద భార్య గాయపరిచినా, ప్రాణం పోనంతవరకు తప్పు లేదనే వెసులుబాటూ ఉంది. విడాకులకు ఇన్ని దారులు చూపిన ఆ దేశమే 1937 రాజ్యాంగంలో వాటిని పూర్తిగా నిషేధించింది. 1995 నవంబరు ప్రజాభిప్రాయ సేకరణలో 50.28 శాతం ఓట్లతో, అంటే సుమారు తొమ్మిది వేల ఓట్ల తేడాతో, ఆ నిషేధం తొలగింది.

ప్రశ్న: ఐర్లండులో ఒకప్పుడు పెళ్లిళ్లన్నీ ఫిబ్రవరి ప్రాంతంలో, అదీ మంగళవారం నాడు జరిగేవని విన్నాను. ముహూర్తాల పట్టింపు వారికీ ఉండేదా?

జవాబు: ఉండేది, కాని వారి ముహూర్తాన్ని నిర్ణయించింది నక్షత్రాలు కాదు, క్యాథలిక్ చర్చి పంచాంగం. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో పెళ్లి వేడుకలకు చర్చి అనుమతి ఇచ్చేది కాదు. భస్మ బుధవారంతో ఆ కాలం మొదలవుతుంది కనుక దాని ముందు రోజైన మంగళవారమే ఆఖరి అవకాశం. జనవరి 6 నాటి ముగ్గురు రాజుల పండుగ నుంచి ఆ మంగళవారం దాకా పొలం పనులు కూడా తక్కువ. సంబంధాలు చూడడానికీ, బేరాలు తెమల్చుకోవడానికీ, విందులు చేసుకోవడానికీ తీరిక దొరికే కాలం అదొక్కటే. ఆ చివరి మంగళవారం ఒక్కొక్క చర్చిలో ఒక జంట తరువాత మరొక జంట వరుసగా నిలబడడం పల్లెల్లో మామూలు దృశ్యం.

ఆ రోజు దాటిపోయినా ఒంటరిగా మిగిలినవారిని ఊరు అంత సులువుగా వదిలిపెట్టేది కాదు. తపస్సు కాలంలో వచ్చే మొదటి ఆదివారానికి 'సుద్ద ఆదివారం' అని పేరు. పూజకు వచ్చిన బ్రహ్మచారుల కోటు వెనుక పిల్లలు చాటుగా సుద్దముక్కతో గీతలు గీసేవారు, ఆ గీతలను వీపున మోస్తూ అతడు గుడి మధ్యలోకి నడిచి వెళ్లేవాడు. కొన్ని ఊళ్లలో ఆ మరునాడు 'ఉప్పు సోమవారం': మాంసాన్ని ఉప్పులో నిలవ చేసినట్లు, వచ్చే ఏటి పెళ్లికాలం దాకా పాడవకుండా ఉండాలని పెళ్లికానివారి మీద ఉప్పు చల్లేవారు.

అన్నిటికంటే విచిత్రమైనది స్కెలిగ్ వ్యవహారం. కెర్రీ తీరానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్య నిలువుగా లేచిన స్కెలిగ్ మైకేల్ అనే రాతి దీవి మీద పూర్వం సన్యాసుల మఠం ఉండేది. అక్కడ ఇంకా పాత పంచాంగమే నడుస్తుందనీ, కనుక తపస్సు కాలం అక్కడ ఆలస్యంగా మొదలవుతుందనీ, దేశంలో గడువు దాటిపోయినవారు పడవెక్కి అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకోవచ్చనీ దక్షిణాది ప్రజలు చెప్పుకునేవారు. మఠం ఏనాడో ఖాళీ అయిందన్న సంగతి ఈ హాస్యానికి అడ్డు రాలేదు. కార్క్, కెర్రీ కౌంటీల్లో ఊరి కవులు పెళ్లికాని మగవారినీ ఆడవారినీ ఎవరికి ఎవరు పొసగరో సరిగ్గా వారినే జతకట్టి, ఫలానా పడవలో ఫలానా జంట స్కెలిగ్‌కు బయలుదేరుతున్నదని పద్యాలు అల్లేవారు. ఆ 'స్కెలిగ్ జాబితా'లు అచ్చయి వీధుల్లో అమ్ముడుపోయేవి కూడా. కార్క్ నగరంలో ఆ చివరి మంగళవారం రాత్రి జరిగే అల్లరిని జేమ్స్ బీల్ అనే చిత్రకారుడు 1845లో బొమ్మగా గీశాడు. ఇదంతా హాస్యంగా కనిపిస్తుంది గాని, అందులో పేరెక్కిన నలభై ఏళ్ల స్త్రీకి అది ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ప్రశ్న: పెళ్లి ముందు రోజు బాలయేసు బొమ్మను తోటలో పెడతారట. ఎందుకు?

జవాబు: వాన రాకుండా. 'ప్రాగ్ బాలయేసు' అనే ఆ రూపం చెక్ రాజధానిలోని విజయమాత చర్చిలో ఉన్న, 1628లో కార్మెలైట్ సన్యాసులకు కానుకగా అందిన చిన్న విగ్రహానికి నకలు. ఐర్లండులో ఒకప్పుడు అది చాలా ఇళ్లలో ఉండేది. పెళ్లికి ముందు రాత్రి దానిని కంచె కిందో, గుమ్మం బయటో పెడితే మరునాడు ఎండ కాస్తుందని నేటికీ చాలామంది నమ్మకం. బొమ్మ తల విరిగి ఉంటే ఫలం మరీ గట్టిదని అంటారు, అయితే అది తనంతట తాను విరగాలి. సుత్తితో విరగ్గొట్టినవారికి ఎండ రాదు.

ప్రశ్న: ఐర్లండులో పెళ్లిళ్ల పేరయ్యలు ఉండేవారని, వారి పేరిట ఇప్పటికీ ఒక ఉత్సవం జరుగుతుందని రాశారు. కట్నం కూడా ఉండేదా? అమ్మాయి ఇష్టాయిష్టాలు ఎవరైనా అడిగేవారా?

జవాబు: కట్నం ఉండేది. ఐరిష్ భాషలో దానిని 'స్ప్రే' అంటారు, సంబంధం కుదర్చడాన్ని 'క్లౌనస్' అంటారు. ఈ పద్ధతి బిగుసుకున్నది 1845 నుంచి 1852 వరకు సాగిన మహా కరవు తరువాత. అంతకు ముందు పేద కుటుంబాలు ఉన్న కాస్త కౌలు నేలనూ కొడుకులందరికీ ముక్కలు చేసి పంచేవి, పిల్లలు చిన్న వయసులోనే పెళ్లాడేవారు, బంగాళదుంప ఒక్కటే వారిని బతికించేది. ఆ పంట కుళ్లిపోయి పది లక్షల మంది చనిపోయాక నేలను ముక్కలు చేయకూడదన్న పాఠం రైతుల మనసుల్లో పాతుకుపోయింది. నేల ఒక్క కొడుకుకే దక్కేది. ఒక్క కూతురికి కట్నం. మిగిలినవారికి బోస్టన్, న్యూయార్క్ ఓడలు.

అందుచేత సంబంధం అంటే ముందు పొలం మాటే. పేరయ్య సంతలోనో మద్యశాలలోనో రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఆవులు, చర్చికి ఎంత దూరం, అత్తగారి నోరు ఎలాంటిది అని ఒక్కొక్కటే కదిలించేవాడు. మాట కలిశాక అమ్మాయి తండ్రి వరుడి పొలాన్ని స్వయంగా నడిచి చూడడానికి వచ్చేవాడు. ఆ రోజు కోసం పొరుగింటి పశువులను అరువు తెచ్చి తమ దొడ్లో కట్టినవారి కథలు పశ్చిమ కౌంటీల్లో లెక్కలేనన్ని. అన్నీ నచ్చితే వకీలు దగ్గర కాగితాలు రాసుకునేవారు. వాటిలో కట్నం సొమ్ము వరుడి తండ్రికి చేరుతుంది, పొలం కొడుకు పేరిట మారుతుంది, పెద్దవాళ్లకు ఇంట్లో పడమటి గది, ఒక ఆవుకు మేత, ఇన్ని బంగాళదుంపలు, ఆదివారం చర్చికి బండిలో చోటు రాసిపెట్టి ఉంటాయి. వచ్చిన కట్నం వరుడి ఇంట్లో నిలిచేది కాదు. అది అతడి చెల్లెలి కట్నంగా మరో ఇంటికి వెళ్లేది, అక్కడి నుంచి ఇంకో ఇంటికి.

హార్వర్డ్ నుంచి వచ్చిన కాన్రాడ్ ఆరెన్స్‌బర్గ్, సోలన్ కింబల్ 1930లలో క్లేర్ కౌంటీలో ఈ పద్ధతిని దగ్గరగా చూసి రాశారు. తండ్రి పొలం రాసివ్వనంతవరకు కొడుకుకు నలభై ఐదేళ్లు వచ్చినా ఊరు అతడిని 'అబ్బాయి' అనే పిలిచేదని వారు గమనించారు. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభానికి ఐర్లండులో నలభై ఐదు దాటినవారిలో సుమారు నాలుగింట ఒకరు పెళ్లి లేకుండానే మిగిలిపోయారు. అప్పటి యూరపులో ఇది చాలా ఎక్కువ. సుద్ద గీతలూ స్కెలిగ్ పద్యాలూ ఎవరి మీద పడేవో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది: పొలం చేతికి రానివారి మీదా, కట్నం లేనివారి మీదా.

ఇక అమ్మాయి ఇష్టం సంగతి. చర్చి నియమం ప్రకారం ఆమె ఒప్పుకోలు తప్పనిసరి, కనుక అడిగేవారు. కాగితాలు సిద్ధమైన తరువాత అడిగిన ప్రశ్నకు ఎంత బరువు ఉంటుందో మీరే చెప్పండి. 'పొగడ్త కావాలంటే చచ్చిపో, తెగడ్త కావాలంటే పెళ్లాడు' అన్న ఐరిష్ సామెత ఊరికే పుట్టలేదు.

మీరడిగిన ఉత్సవం క్లేర్ కౌంటీలోని లిస్‌డూన్‌వార్నాలో ఏటా సెప్టెంబరులో జరుగుతుంది. అక్కడి గంధకపు ఊటలలో స్నానాలకు కోతలు ముగించుకున్న రైతులు వచ్చేవారు; చేతిలో డబ్బు, చేయడానికి పని లేని సమయం, ఒకే ఊళ్లో ఇన్ని కుటుంబాలు ఉంటే పేరయ్యకు ఇంకేం కావాలి? ఇప్పుడది ప్రధానంగా సంగీతం, నృత్యం, పర్యాటకం.

ప్రశ్న: పెళ్లి ఇంటికి గడ్డి ముసుగులు వేసుకుని పిలవని అతిథులు వస్తారట. వారెవరు?

జవాబు: వారిని 'స్ట్రాబాయ్స్' అంటారు. ఊళ్లోని యువకులే, పిలుపు అందనివారు, గోధుమగడ్డినో ఓట్స్‌గడ్డినో జడలుగా అల్లి చేసిన పొడవాటి టోపీలను ముఖం కప్పుకునేలా ధరించి, నడుముకూ భుజాలకూ గడ్డి చుట్టుకుని, రాత్రి విందు మధ్యలో గుంపుగా ప్రవేశించేవారు. వారికొక నాయకుడు ఉంటాడు. పెళ్లికూతురితో నృత్యం చేసే హక్కు ముందుగా అతడిదే. ఎవరూ పేరు చెప్పరు, మాట్లాడినా గొంతు మార్చి మాట్లాడతారు. పాడి, ఆడి, ఇచ్చిన మద్యం పుచ్చుకుని, దంపతులకు శుభం పలికి వెళ్లిపోతారు. వారు రావడం అదృష్టమని ఇంటివారు అంటారు గాని, వారిని సరిగా ఆదరించకపోతే ఆ రాత్రే బండి చక్రాలు మాయం కావచ్చునన్న భయం కూడా ఆ మర్యాదలో కొంత ఉండేది. పిలుపుల జాబితా వల్ల ఊళ్లో పుట్టే మనస్పర్థకు ఇంతకంటే తెలివైన విరుగుడు నాకు కనిపించలేదు: పిలవనివారు వచ్చారు, తిన్నారు, కాని ఎవరొచ్చారో ఎవరికీ తెలియదు.

అప్పట్లో విందే కాదు, చాలాచోట్ల పెళ్లి కూడా వధువు ఇంట్లోనే, సాయంత్రం పూట జరిగేది. అతిథులకు కేకు పంచుతూ పెళ్లి జరిపిన చర్చి గురువు కోసం డబ్బు పోగుచేసేవారు. అది ఆయనకు ముఖ్యమైన ఆదాయం. 1850లో థర్లెస్‌లో కూడిన బిషప్పుల సభ సంస్కారాలను చర్చిలోనే జరపాలని పట్టుబట్టాక ఈ ఇంటి పెళ్లిళ్లు క్రమంగా తగ్గాయి. చర్చి నుంచి ఇంటికి తిరిగి వచ్చే దారిలో యువకులు గుర్రాల మీద పందెం పరుగెత్తి, ముందుగా ఇల్లు చేరినవాడు విస్కీ సీసా గెలుచుకునేవాడు. కొత్త కోడలు గుమ్మం దాటుతుండగా అత్తగారు ఓట్స్ రొట్టెను ఆమె తల మీద విరిచేది. కిందపడిన ముక్కల కోసం అమ్మాయిలు ఎగబడేవారు.

ఇలాంటి వివరాలు ఇంత సమృద్ధిగా మిగలడానికి బడిపిల్లలు ఒక కారణం. 1937 నుంచి 1939 వరకు సుమారు ఐదు వేల బడుల్లో యాభై వేల మంది పిల్లలు ఇళ్లలో పెద్దలను అడిగి ఆచారాలను నోటుపుస్తకాల్లో రాశారు. ఆ సేకరణ డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రంగా ఉంది.

ప్రశ్న: రెండు చేతులు ఒక హృదయాన్ని పట్టుకున్నట్లుండే ఉంగరం ఐర్లండు పెళ్లి ఉంగరమేనా?

జవాబు: అవును, క్లాడా ఉంగరం. గాల్వే నగరాన్ని ఆనుకుని ఉన్న జాలరిపేట పేరే దానికి వచ్చింది. చేతులు స్నేహానికి, హృదయం ప్రేమకు, కిరీటం విశ్వాసానికి గుర్తు. రిచర్డ్ జాయిస్ అనే గాల్వే యువకుడు సముద్రపు దొంగలకు చిక్కి, అల్జీరియాలో ఒక కంసాలి దగ్గర బానిసగా పని నేర్చి, 1689 తరువాత విడుదలై వచ్చి దీనిని చేశాడని ప్రతీతి. అయితే చేతులు కలిసిన ఉంగరాలు రోమన్ల కాలం నుంచీ యూరపులో ఉన్నాయి. తల్లి నుంచి కూతురికి అందడం దీని ఆచారం. హృదయపు మొన వేలి కొస వైపు ఉంటే మనసు ఖాళీ అనీ, మణికట్టు వైపు ఉంటే ఎవరో గెలుచుకున్నారనీ అర్థం.

ప్రశ్న: 'హనీమూన్' ఐర్లండులో పుట్టిన మాటేనా? లీపు సంవత్సరంలో స్త్రీలు పెళ్లి ప్రతిపాదన చేసే ఆచారాన్ని సెయింట్ బ్రిజిడ్ మొదలుపెట్టిందా?

జవాబు: రెండిటికీ కాదనే చెప్పాలి. హనీమూన్ పదహారో శతాబ్దపు ఇంగ్లిషు మాట. ఐరిష్‌లోని 'తేనెల మాసం' అన్న పదబంధం దాని అనువాదమే. కొత్త దంపతులు నెల రోజులు తేనెసారాయి తాగేవారన్న కథను సారాయి అమ్మేవారు బాగా ప్రచారం చేశారు. ఇక స్త్రీలు ఎదురుచూసి విసిగిపోతున్నారని బ్రిజిడ్ సెయింట్ పాట్రిక్‌తో మొరపెట్టుకుని ఫిబ్రవరి 29ని సాధించిందన్న కథ వినడానికి బాగుంది గాని, పాట్రిక్ మరణానికి చెప్పే ఒక తేదీ, క్రీ.శ. 461, ప్రకారం అప్పటికి ఆమెకు పదేళ్లు.

ప్రశ్న: వధువు నృత్యం చేసేటప్పుడు ఒక పాదం నేల మీదే ఉంచాలనీ, ఆకుపచ్చ కట్టకూడదనీ అంటారు. ఐర్లండు జాతీయ వర్ణమే ఆకుపచ్చ కదా?

జవాబు: జాతీయ వర్ణం కావడం ఆధునిక రాజకీయ చరిత్ర, పల్లెల్లో ఆకుపచ్చ 'షీ' అనే మాయజాతి రంగు. వారు పాత మట్టికోటల కింద మనకు కనబడకుండా బతుకుతారని, అందమైనదేదైనా ఇష్టపడతారని, అన్నిటికంటే పెళ్లికూతుళ్లనూ బాలింతలనూ ఎత్తుకుపోవడానికి కాచుకుని ఉంటారని నమ్మకం. అందుకే వారి రంగు కట్టడం వారిని పిలిచినట్లే, రెండు పాదాలూ నేల విడిచిన క్షణం వారి చేతికి చిక్కినట్లే అంటారు. గంటలు మోగించడం, గుర్రపు నాడాను వెంట ఉంచుకోవడం కూడా వారిని దూరంగా ఉంచడానికే; ఇనుమంటే వారికి గిట్టదు. ఎత్తుకుపోయిన స్త్రీ స్థానంలో అచ్చం ఆమెలాగే ఉండే మరొక ప్రాణిని వదిలి వెళ్తారని కూడా చెప్పేవారు.

పర్యాటక పుస్తకాల్లో ఇవి ముచ్చటైన కబుర్లు. కాని ఈ చివరి నమ్మకం ఒక ఇంట్లో ఎంతదాకా వెళ్లిందో 1895 మార్చిలో టిప్పరరీ కౌంటీలోని బాలీవాడ్లీలో తేలింది. బ్రిజెట్ క్లియరీ దర్జీపని చేసే ఇరవై ఆరేళ్ల స్త్రీ. చేతిలో సొంత సంపాదన ఉన్న మనిషి, పిల్లలు లేరు. ఆమె జబ్బుపడినప్పుడు, మంచం మీదున్నది తన భార్య కాదని భర్త మైకేల్ వాదించాడు. బంధువుల సమక్షంలోనే ఆమెకు బలవంతంగా మూలికలు తాగించి, నీ పేరు చెప్పమని పదేపదే నిలదీసి, చివరికి నిప్పంటించి చంపాడు. ఆ తరువాత కొన్ని రాత్రులు అతడు నల్ల పిడి కత్తి పట్టుకుని కైల్‌నగ్రానా మట్టికోట దగ్గర కాపు కాశాడు: తన నిజమైన భార్య తెల్లగుర్రం మీద బయటికి వస్తుందనీ, కట్లు కోస్తే తనతో ఇంటికి వచ్చేస్తుందనీ అతడి మాట. కొద్ది రోజులకే పోలీసులకు ఇంటికి దగ్గరలో, లోతు లేని గోతిలో ఆమె శవం దొరికింది. కోర్టు అతడి నేరాన్ని హత్యగా కాక, దానికంటే తక్కువదైన నరహత్యగా నిర్ణయించింది. పదిహేనేళ్లు జైల్లో గడిపి 1910లో విడుదలయ్యాడు.